ఏం జరిగిందమ్మా? జీవితంలోని ఒత్తిళ్లు, స్కిజోఫ్రెనియా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అన్నయ్యకు స్కిజోఫ్రెనియా, అంటే లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు కలగడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు, అని డాక్టరు చెప్పి పద్దెనిమిదేళ్లు దాటింది. అప్పటి నుంచి నెలకోసారి ఆసుపత్రి ఓపీ వరండాలో బల్ల మీద కూర్చోవడం మా ఇంట్లో ఎవరో ఒకరి వంతు. ఎక్కువసార్లు అది నా వంతే. పక్కన కూర్చున్నవారు పలకరించగానే అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఏం జరిగిందమ్మా?" ఏ జబ్బు అని అడగరు. ఏదో జరిగి ఉంటేనే మనిషి ఇలా అవుతాడన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ నమ్మకంలో కొంత నిజముంది, కొంత పొరపాటుంది. ఆ పొరపాటు వల్ల కుటుంబాలు తమను తాము ఎంతగా శిక్షించుకుంటాయో కళ్లారా చూశాను. నేను వైద్యురాలిని కాను. ఇన్నేళ్లలో చదివినవి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, వరండాలో నన్ను అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. మాత్రల మోతాదు గురించి మాత్రం మీ డాక్టరు మాటే వినండి.

పెద్ద కష్టం వస్తే ఎవరికైనా స్కిజోఫ్రెనియా వస్తుందా?

రాదు. ఆప్తులు పోయినవారు, అప్పుల్లో కూరుకుపోయినవారు, వరదలో ఇల్లు కొట్టుకుపోయినవారు మన చుట్టూ కోకొల్లలు. వారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ జబ్బు ఉన్నవారు సుమారు 300 మందిలో ఒకరు. కష్టాలు అంతకంటే ఎన్నో రెట్ల మందికి వస్తాయి.

1977లో జోసెఫ్ జుబిన్, బోనీ స్ప్రింగ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. ప్రతి మనిషిలోనూ ఈ జబ్బుకు లోనయ్యే గుణం ఎంతో కొంత ఉంటుంది, ఒత్తిడి ఆ మనిషి తట్టుకోగల హద్దు దాటినప్పుడు జబ్బు బయటపడుతుంది అన్నారు. నేను మా ఊరి భాషలో ఇలా చెబుతాను. ఒకే వాన చెరువులన్నిటి మీదా కురుస్తుంది. కట్ట గట్టిగా ఉన్న చెరువు నిండి అలుగు పారుతుంది. లోపల ఎక్కడో బుంగ ఉన్న చెరువుకు కట్ట తెగుతుంది. తెగిన రోజు అందరికీ కనిపించేది వానే. బుంగ ఎప్పటి నుంచి ఉందో ఎవరూ చూసి ఉండరు.

కానీ మా అబ్బాయికి పరీక్ష తప్పాకే మొదలైంది. కళ్లముందు జరిగింది కదా?

మేమూ ఇదే అన్నాం. అన్నయ్యకు ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. రెండు నెలలు తిరిగేసరికి పక్కింటివాళ్లు తన ఆలోచనలు వింటున్నారని కిటికీలకు దినపత్రికలు అంటించాడు. ర్యాంకు రాలేదన్న దిగులుతోనే ఇలా అయ్యాడని నాన్న చివరి వరకూ నమ్మారు. హాస్టల్లో చేర్పించింది నేనే కదా అని రాత్రుళ్లు లేచి కూర్చునేవారు.

కొన్నేళ్ల తర్వాత అటక మీద ట్రంకు పెట్టె దించినప్పుడు అన్నయ్య ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్ నోటు పుస్తకం దొరికింది. మొదటి పేజీల్లో రాత ముత్యాల్లా ఉంది. దసరా సెలవుల తర్వాతి పేజీల్లో అక్షరాలు గీతలు దాటిపోయాయి. సంక్రాంతి నాటికి లెక్కల పక్కన ఖాళీలో చిన్న చిన్న బాణం గుర్తులు, ఒకే అంకె నలభై యాభై సార్లు. అప్పుడు గుర్తు చేసుకుంటే, ఆ దసరాకే క్రికెట్ మానేశాడు. స్నేహితులు పిలిస్తే తలుపు వేసుకునేవాడు. అమ్మ అడిగితే చదువుకోవాలి అనేవాడు, అందరం మెచ్చుకున్నాం. పరీక్ష రాసింది మేలో.

అంటే పరీక్ష తప్పడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు లోపల మొదలవడం వల్ల పరీక్ష తప్పిందా? స్కిజోఫ్రెనియాలో మాటలు వినబడటం, అనుమానాలు బయటపడటానికి నెలల ముందు, ఒక్కోసారి ఏళ్ల ముందు నుంచే ఏకాగ్రత తగ్గడం, మనుషులకు దూరం కావడం, నిద్ర చెడటం మొదలవుతాయి. ఉద్యోగం పోవడం, ప్రేమ విఫలం కావడం, స్నేహితులతో గొడవ వంటివి చాలాసార్లు ఆ తొలిదశ ఫలితాలే. పరీక్ష తప్పిన దెబ్బ కూడా తన వంతు పని చేసి ఉండవచ్చు. కానీ అన్నిటికీ అదే మూలమని నాన్న మోసిన బరువు ఆయన మోయవలసింది కాదు.

మరి దీన్ని పరిశోధకులు ఎలా విడదీసి చూశారు?

1968లో లండన్‌లో జార్జ్ బ్రౌన్, జేమ్స్ బిర్లీ అచ్చంగా ఈ చిక్కునే పట్టుకున్నారు. 50 మంది రోగులనూ, వారి బంధువులనూ కూర్చోబెట్టి జబ్బు బయటపడటానికి ముందు వారాల్లో ఏమేం జరిగాయో తేదీలతో సహా రాబట్టారు. రోగి ప్రవర్తన వల్ల జరిగి ఉండవచ్చు అనిపించినవాటిని పక్కన పెట్టి, అతని చేతిలో లేని సంఘటనలనే విడిగా లెక్కించారు. జబ్బు బయటపడటానికి ముందు మూడు వారాల్లో 46 శాతం మందికి అలాంటి సంఘటన ఎదురైంది. అంతకు ముందరి మూడేసి వారాల విడతల్లో అది 12 శాతం దగ్గరే ఉంది.

తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే పని చేశారు. అన్నిచోట్లా ఇంత స్పష్టంగా రాలేదు. మొత్తం మీద తేలిందేమిటంటే, సంఘటనలకు జబ్బు ఎప్పుడు బయటపడాలి, ఎప్పుడు తిరగబెట్టాలి అన్నదానితో సంబంధం ఉంది. అసలు వస్తుందా రాదా అన్నది వాటి ఒక్కదాని చేతిలో లేదు. ఇంకో మాట కూడా గమనించండి: ఆ 46 శాతాన్ని తిరగేసి చదివితే, సగానికి పైగా మందికి ఆ మూడు వారాల్లో అలాంటి సంఘటన ఏదీ లేకుండానే జబ్బు బయటపడింది. ఎంత వెతికినా కారణం దొరకలేదని బాధపడేవారికి నేను ఈ అంకె చెబుతుంటాను.

శుభకార్యాలు కూడా ఒత్తిడేనా?

అవును. మార్పు ఏదైనా ఒత్తిడే. కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం, అక్క పెళ్లి. మా అక్క పెళ్లికి మూడు రోజులు ఇంటి నిండా చుట్టాలు, రెండు రాత్రులు నిద్ర లేదు, సన్నాయి, మైకులు, "ఇప్పుడేం చేస్తున్నావు బాబూ" అని ప్రతి ఒక్కరి పలకరింపు. ఆ హడావిడిలో మాత్రలు వేశామో లేదో ఎవరికీ గుర్తు లేదు. పది రోజులకు జబ్బు తిరగబెట్టింది. ఇందులో పెళ్లి ఎంత, నిద్రలేమి ఎంత, తప్పిన మాత్రలు ఎంత అని విడదీయడం మా డాక్టరు వల్ల కూడా కాలేదు. నిజ జీవితంలో ఇవి కట్టకట్టుకునే వస్తాయి.

పెద్ద సంఘటనలే కానక్కర లేదు. నెదర్లాండ్స్‌లో రోగుల చేతికి గడియారాలు కట్టి, అవి మోగినప్పుడల్లా అప్పటి మనసు ఎలా ఉందో రాయమన్నారు. బస్సు తప్పిపోవడం, ఎవరో విసుక్కోవడం వంటి చిన్న చిన్న చిరాకులకు కూడా వారి మనసు ఇతరులకంటే ఎక్కువగా కలత చెందుతోందని తేలింది.

ఒత్తిడి మెదడులో చేసేదేమిటి?

ప్రమాదం అనిపించగానే మెదడు ఆజ్ఞతో మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఒత్తిడి మెదడులోని కొన్ని భాగాల్లో డోపమైన్ అనే రసాయనం విడుదలను కూడా పెంచుతుంది. ఏది ముఖ్యం, దేన్ని పట్టించుకోవాలి అని మెదడు నిర్ణయించుకోవడంలో డోపమైన్‌కు పాత్ర ఉంది. స్కిజోఫ్రెనియాలో ఆ వ్యవస్థ అతిగా స్పందిస్తుంది. అందువల్ల వీధిలో ఎవరో దగ్గినా అది తన కోసమే అనిపిస్తుంది. ఈ జబ్బుకు వాడే మందుల్లో అత్యధికం డోపమైన్ ప్రభావాన్ని తగ్గించేవే.

ఇది వంశపారంపర్యమా?

పాక్షికంగా. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం. అంటే పదిమందిలో తొమ్మిది మందికి రాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం 40 నుంచి 50 శాతమని పాత లెక్కలు, అంతకంటే తక్కువని డెన్మార్క్‌లో జరిగిన ఇటీవలి లెక్కలు. జన్యువులన్నీ ఒకటే అయినా సగానికి పైగా సందర్భాల్లో రెండోవారు క్షేమంగా ఉన్నారంటే, మిగతా కథ జీవితంలోనే నడుస్తోందన్నమాట.

ఆ మిగతా కథ ఎప్పటి నుంచి మొదలవుతుంది?

తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి. 1944–45 చలికాలంలో జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో కరవు వచ్చింది. ఆ ఆకలి తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడిన పిల్లల్లో పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా దాదాపు రెట్టింపు కనిపించింది. 1959–61 చైనా కరవు కాలంలో పుట్టినవారిలోనూ అలాగే తేలింది. పుట్టాక చిన్నతనంలో ఎదురయ్యే హింస, లైంగిక దాడి, నిర్లక్ష్యం, తోటి పిల్లల వేధింపులు కూడా లెక్కలోకి వస్తాయి. 2012లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, ఇలాంటి బాల్యం గడిపినవారిలో సైకోసిస్, అంటే వాస్తవంతో తెగతెంపులయ్యే స్థితి, వచ్చే అవకాశం దాదాపు 2.8 రెట్లు ఉన్నట్టు తేలింది.

దీన్ని చదివి ప్రతి తల్లీ తండ్రీ ఉలిక్కిపడనక్కర లేదు. మార్కులు తక్కువ వచ్చాయని ఒకసారి కోప్పడటం ఈ లెక్కలోకి రాదు.

భర్త చనిపోయిన షాకులో మా చెల్లెలు పది రోజులు ఏదేదో మాట్లాడి మామూలైంది. ఇదీ స్కిజోఫ్రెనియానేనా?

అయ్యుండకపోవచ్చు. తీవ్రమైన దెబ్బ తగిలాక ఉన్నట్టుండి మొదలై, రోజుల్లోనో వారాల్లోనో పూర్తిగా తగ్గిపోయే స్థితి వేరుగా ఉంది. మన దేశంలో డాక్టర్లు దాన్ని తరచుగా చూస్తారు. స్కిజోఫ్రెనియా అని నిర్ధారించాలంటే లక్షణాలు కనీసం ఒక నెల ఉండాలని ఒక పద్ధతి, మొత్తం ఇబ్బంది ఆరు నెలలు సాగాలని మరో పద్ధతి. అందుకే మంచి డాక్టరు మొదటి రోజే పేరు పెట్టడు. తగ్గిపోయిందని ఊరుకోకుండా ఆమెను కొన్నాళ్లు డాక్టరుకు చూపిస్తూ ఉండండి, కొందరిలో అది మళ్లీ వస్తుంది.

కాన్పు అయిన కొద్ది రోజుల్లో వచ్చే సైకోసిస్ ఇంకొకటి. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటిలో కనిపిస్తుంది. బాలింతకు "గాలి సోకింది" అని గదిలో పెట్టి తలుపు వేయకండి. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం ఉండే స్థితి అది. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గంజాయి ఒత్తిడి తగ్గిస్తుందంటారు కదా?

ఈ జబ్బుకు లోనయ్యే గుణం ఉన్నవారికి అది నిప్పుతో చెలగాటం. స్వీడన్‌లో సైనిక శిక్షణకు వచ్చిన 45 వేల మందికి పైగా యువకులను పదిహేనేళ్లు గమనించి 1987లో వెలువరించిన అధ్యయనంలో, యాభై సార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రెనియా ఆరు రెట్లు కనిపించింది. కుటుంబంలో ఒకరికి జబ్బుంటే మిగతా పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పండి.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడని పెద్దవాళ్లు అంటున్నారు. చేయవచ్చా?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సలహా ఇదే. పెళ్లి మందు కాదు. అది కొత్త మనిషి, కొత్త ఇల్లు, ఆశలు, పడక, డబ్బు, రెండు కుటుంబాల మాటలు అన్నీ ఒక్క వారంలో మీద పడే పెద్ద మార్పు. జబ్బు అదుపులో లేనివారికి అది తిరగబెట్టడానికి దారి చేస్తుంది. పైగా ఆ అమ్మాయికి చెప్పరు. ఆమెకు తెలియకూడదని మాత్రలు ఆపేస్తారు. ఓపీ వరండాలో పారాణి ఆరని కాళ్లతో, ఏం జరుగుతోందో తెలియక బెదురు చూపులతో కూర్చున్న ఒక కొత్త పెళ్లికూతురిని చూశాను. ఆమె చేతిలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న స్టీలు టిఫిను డబ్బా ఉంది. డాక్టరు గదిలో అత్తగారు "పెళ్లయ్యాకే ఇలా అయ్యాడు" అంటున్నారు. ఏం జరిగింది అన్న ప్రశ్నకు జవాబుగా ఆ పిల్లను నిలబెట్టారు.

ఈ జబ్బు ఉన్నవారు పెళ్లికి తగరని నేను అనడం లేదు. ఏళ్ల తరబడి నిలకడగా ఉండి, ఎదుటివారికి ముందే అన్నీ చెప్పి, మందులు వాడుతూ చక్కగా కాపురం చేస్తున్నవారు ఉన్నారు. దాచడం మాత్రం చట్టరీత్యా కూడా చిక్కే. 1955 హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాలు చెప్పిన 13వ సెక్షన్ వివరణలో స్కిజోఫ్రెనియా పేరు ఉంది. అయితే జబ్బు పేరు ఒక్కటే చాలదు, దాని తీవ్రత ఎంతో చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది.

ఇంట్లో మా మాటల వల్ల జబ్బు వచ్చిందా?

రాలేదు. ఒకప్పుడు తల్లి పెంపకం వల్లే ఈ జబ్బు వస్తుందని పాశ్చాత్య దేశాల్లో బోధించారు. ఆ మాట తప్పని తేలిపోయింది, కానీ ఈలోగా ఎందరో తల్లులు నలిగిపోయారు.

వచ్చాక మాత్రం ఇంటి వాతావరణానికి చాలా బలం ఉంది. ఇంట్లో ఎత్తిపొడుపులు, కసురుకోవడం, అతిగా కలగజేసుకుని ప్రతి పనీ మనమే చేసిపెట్టడం ఎంత ఉన్నాయో లండన్‌లో కొలిచారు. 128 మంది రోగులను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక తొమ్మిది నెలలు గమనిస్తే, అలాంటి ఇళ్లకు వెళ్లినవారిలో 51 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, ప్రశాంతమైన ఇళ్లకు వెళ్లినవారిలో 13 శాతం మందికి. ఇదే పద్ధతిలో చండీగఢ్‌లో కొలిచి 1987లో ప్రకటించారు. అక్కడ విమర్శలు నిండిన ఇళ్లు లండన్ కంటే చాలా తక్కువ. మన కుటుంబాల్లో ఆ ఓర్పు ఉంది, దాన్ని కాపాడుకోవాలి.

మా ఇంట్లో మారినవి చిన్న సంగతులే. "పొద్దెక్కే దాకా ఆ నిద్ర ఏమిటి, మొద్దులా" అనే అమ్మ, "కాఫీ చల్లారుతోంది, లేస్తావా నాన్నా" అనడం నేర్చుకుంది. టీవీలో తన గురించే చెబుతున్నారని అన్నయ్య అన్నప్పుడు వాదించడం మానేశాం. అవునని కూడా అనం. "నీకు భయంగా ఉన్నట్టుంది, కట్టేద్దామా?" అంటాం. అప్పుడప్పుడూ మాట జారుతాం. జారినందుకు మళ్లీ కుమిలిపోవడం మానేశాం.

ఇంట్లో చావు జరిగితే రోగికి చెప్పాలా, దాచాలా?

నాన్న పోయినప్పుడు బంధువులందరూ దాచమన్నారు. డాక్టరుకు ఫోను చేస్తే, చెప్పండి, సూటిగా చిన్న మాటల్లో చెప్పండి, కర్మకు రానివ్వండి, కొన్ని వారాలు మాత్రల మోతాదు పెంచుదాం, రాత్రి నిద్ర తప్పనివ్వకండి అన్నారు. నేనే చెప్పాను. అన్నయ్య చాలాసేపు గుమ్మం వైపు చూసి, "నాన్న చెప్పులు ఎవరు తీశారు?" అని అడిగాడు. ఎవరో సర్దుతూ లోపల పెట్టారు. తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాం. పదకొండో రోజు వరకూ అవి అక్కడే ఉంచాడు. ఆ నెల జబ్బు తిరగబెట్టలేదు. ప్రతి ఇంట్లో ఇలాగే జరుగుతుందని చెప్పలేను. కానీ దాచి, తర్వాత ఎవరి నోటి నుంచో విని, ఇంటివాళ్లంతా అబద్ధం చెప్పారని తెలుసుకోవడం అనుమానాల జబ్బు ఉన్నవారికి ఎంత నరకమో ఊహించండి.

చదువుకు విదేశం పంపవచ్చా?

సొంత దేశం వదిలి వెళ్లినవారిలో, వారి పిల్లల్లో సైకోసిస్ ఎక్కువని బ్రిటన్, నెదర్లాండ్స్ అధ్యయనాలు చెబుతున్నాయి. ఒంటరితనం, పరాయివారిగా చూడబడటం, వివక్ష ప్రధాన కారణాలని భావిస్తున్నారు. అమెరికాలో చదివే మన పిల్లల పరిస్థితి తలచుకోండి: రుణం, రాత్రి షిఫ్టు పని, వీసా గడువు, నిద్రలేమి, పైగా జబ్బు మొదలయ్యే వయసు కూడా అదే. ఇప్పటికే జబ్బు వచ్చి తగ్గినవారైతే కనీసం కొన్నాళ్లు నిలకడ చూసుకుని, అక్కడ చూపించుకోవడానికి డాక్టరును ముందే కుదుర్చుకుని, చీటీ, మందులు వెంట పెట్టి పంపండి. ఫోనులో బిడ్డ మాట తీరు మారితే "చదువు ఒత్తిడిలే" అని సరిపెట్టుకోకండి.

ఒత్తిడి లేకుండా చూసుకుంటే మందులు మానేయవచ్చా?

సొంతంగా మానేయకూడదు. ఎన్నో పరీక్షలను కలిపి 2012లో చూసిన లెక్క ఇది: మందు వాడుతున్నవారిలో ఏడాదిలో 27 శాతం మందికి జబ్బు తిరగబెడితే, మందు బదులు ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 64 శాతం మందికి తిరగబెట్టింది. మందు కట్టకు వేసిన రాతి పరుపు లాంటిది, వాన రాకుండా ఆపదు. మత్తు, బరువు పెరగడం, చేతుల వణుకు వంటి ఇబ్బందులుంటే డాక్టరుకు చెప్పండి, మార్చవచ్చు. రోజూ మాత్ర గొడవైతే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. మా అన్నయ్య దిండు గలీబులో పంతొమ్మిది మాత్రలు దొరికిన రోజు నుంచి మేం ఇంజెక్షనుకు మారాం.

గుడికో దర్గాకో తీసుకెళ్తే తప్పా?

మొక్కుకోవడం తప్పు కాదు, మనసుకు ఊరట. చికిత్స ఆపడం, కట్టేయడం, కొట్టించడం తప్పు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

తిరగబెట్టబోతోందని ముందే తెలుస్తుందా?

చాలామందిలో తెలుస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. నిద్ర తగ్గడం చాలామందిలో ఉంటుంది. మా అన్నయ్య అయితే స్నానం మానేసి, రేడియో పక్కకు తిప్పి పెడతాడు. మీ ఇంటి గుర్తులేమిటో ఒక కాగితం మీద రాసి క్యాలెండరు వెనక అంటించండి. ఇంట్లో పెద్ద మార్పు రాబోతోందంటే ముందే డాక్టరుకు చెప్పండి. చావు గురించిన మాటలు వస్తే ఆ రోజే చూపించాలి. ఈ జబ్బు ఉన్నవారిలో 5 శాతం వరకూ ఆత్మహత్యతో పోతున్నారు.

ఎక్కడికి వెళ్లాలి?

14416కు ఫోను చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్, ఎప్పుడు చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ మానసిక విభాగం ఉంటుంది. జబ్బు వల్ల పని చేయలేని స్థితి ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రం తీసుకోవచ్చు, సిగ్గుపడకండి.

రోగి ఒత్తిడి సరే, చూసుకునేవారి ఒత్తిడి మాటేమిటి?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, అందుకే నేనే రాస్తున్నాను. అమ్మ పన్నెండేళ్లు ఊరు దాటలేదు. మొన్న కార్తీకమాసంలో మేం బలవంతంగా నాలుగు రోజులు శ్రీశైలం పంపాం. అన్నయ్య అన్నం వండాడు, నేను కూర చేశాను. మూడో రోజు ఫోను చేసి, "మాత్రల సంగతి చూసుకుంటున్నారా?" అని అడగబోయి ఆగి, "ఇక్కడ చలిగా ఉందే" అంది. ఫోను అన్నయ్యకు ఇచ్చాను. "శాలువా కప్పుకో అమ్మా" అన్నాడు.